తామసు ఇంటికొచ్చిన కథ

నవంబరు 28, శుక్రవారం

గొంతులో బొడిపె తీసేశారు. వేరుశనగ గింజంత ఉందట. భయపడాల్సిన జబ్బు కాదని రిపోర్టు వచ్చింది. కానీ ఆరు వారాల పాటు నోరు విప్పొద్దన్నాడు డాక్టరు. గుసగుసగా కూడా మాట్లాడకూడదట, అది ఇంకా చెడ్డదట. "మాట్లాడితే ఈ బొంగురు ఇలాగే ఉండిపోతుంది, తర్వాత నన్ననొద్దు" అని బెంగాలీలో రెండుసార్లు చెప్పాడు.

ఆటోలో ఇంటికొచ్చే దాకా రామమ్మ నవ్వుతూనే ఉంది. "నలపై యేల్లు మొక్కితే ఇప్పటికి ఇన్నాడు దేవుడు" అంది. కట్టుకున్నది కదా అని ఊరుకున్నాను. ఊరుకోక చేసేదేముంది.

మాట్లాడకపోతే నాకు కడుపుబ్బుతుంది. అందుకే ఈ పాత డైరీ తీశాను. ఎవరి కోసమూ కాదు. ఈ మున్సిపల్ క్వార్టర్స్‌లో తెలుగు చదవగలిగినవాళ్ళు ఎలాగూ నలుగురు కూడా మిగల్లేదు.

నవంబరు 30, ఆదివారం

క్లబ్బు వాళ్ళొచ్చారు. ఈ ఏడు స్పెయిన్ యుద్ధం బొమ్మకి తెలుగు ఎవరు చెబుతారని. ముప్పయ్యోసారి కదా, పెద్దగా చెయ్యాలట. ప్రొజెక్టరు అద్దెకు తెస్తారట. తెచ్చుకోండి. చెప్పేవాడు లేకుండా ప్రొజెక్టరు ఏం చేస్తుందో చూస్తాను.

మన క్వార్టర్స్ సింహాచలమ్మ మనవరాలు అమ్ములు చెబుతుందని తేల్చారు. కాలేజీలో ఇంగ్లీషు చదువుతోంది. పద్దెనిమిదేళ్ళు. తెలుగు మాట్లాడుతుంది గానీ అక్షరం ముక్క రాదు. తలూపాను. నా మెడ నొప్పి పుట్టింది కూడా.

డిసెంబరు 2

పాలవాడికి సైగ చేస్తే రెండు లీటర్లు పోసిపోయాడు.

డిసెంబరు 5, శుక్రవారం

ఊసుపోక పాతవన్నీ తలుచుకుంటున్నాను.

తొంభై ఆరు డిసెంబరులో యూనియన్ దాదా, అంటే మా లీడరు, ఆరు వీడియో క్యాసెట్లు తెచ్చిచ్చాడు. స్పెయిన్ దేశంలో జనం రెండుగా చీలి మూడేళ్ళు కొట్టుకున్న యుద్ధం మీద ఏదో విదేశీ టీవీలో వచ్చిన ఆరు భాగాలు. అంతా ఇంగ్లీషు. అందులో ఎర్ర జెండాలున్నాయి, చూపించమన్నాడు. క్వార్టర్స్‌లో అందరూ చీపుళ్ళు, బళ్ళు, మాన్‌హోళ్ళ పనివాళ్ళు. ఇంగ్లీషు వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే, ఆఫీసులో గుమాస్తాని. అందుకని టీవీ పక్కన స్టూలు వేసుకుని బొమ్మ కదులుతుంటే నేను తెలుగులో చెప్పుకుంటూ పోయాను. జీతం పెరిగిన రోజు కూడా అంత గర్వపడలేదు.

మొదటి రోజు ఇరవై మంది వచ్చారు. రెండో రోజు వరండా నిండింది. బార్సిలోనా ఊళ్ళో ట్రాములు కనబడగానే "అది మన ట్రామే, మనకాడి నుండి అట్టుకెల్లిపోనారు" అని ఒకటే గోల. ఆ ట్రాముల్లో ఒకదాని కండక్టరు తామసు. వాళ్ళ భాషలో తోమాస్ అంటారు, మనవాళ్ళ నోట తామసు అయ్యాడు. పెళ్ళాం రోజా. తుపాకీ పట్టుకుని యుద్ధానికి వెళ్ళి ఆమెకు ఉత్తరాలు రాస్తాడు. ఆ ఉత్తరాలు ప్రతి భాగంలోనూ ఒకటి చదువుతారు. వంకాయలు చవగ్గా దొరుకుతున్నాయా అని కూడా రాశాడొకసారి. మా ఆడవాళ్ళు ఆ మాటకి పడిపోయారు.

ఆరో భాగం ఆఖర్న కరెంటు పోయింది. అందుకని కొంత సరిగ్గా వినబడలేదు.

డిసెంబరు 9, మంగళవారం

అమ్ములు వచ్చింది. నెట్‌లో ఆ ఆరు భాగాలూ కొత్తగా, అద్దంలా దొరికాయట. సాయంత్రాలు చూస్తోందట. "తాతా, ఇది ఏ జమానాదో గానీ దారుణ్‌గా ఉంది. నిద్ర మానేసి చూసేసినాను" అంది. బెంగాలీలో దారుణ్ అంటే భలే అని. సంతోషించాను.

అప్పుడు అడిగింది. "లాస్ట్ పార్ట్‌లో రోజా ముసిలమ్మ అయిపోయాక మాట్లాడతాది కదా. ఆవిడ తామసుని కాల్చేసినారంటంది. మీరు చానా ఏల్లకి ఇంటికొచ్చినాడని చెప్తారు కదా. ఏటిది?"

కాగితం మీద బెంగాలీలో రాసిచ్చాను: నీకు ఇంగ్లీషు సరిగ్గా రాదు.

ధ్యత్ అని విసుక్కుంది. మళ్ళీ రాశాను: ఇది వేరే సినిమా అయి ఉంటుంది.

ఫోను నా మొహం ముందు పెట్టింది. రోజా. అదే నల్ల శాలువా. అదే గుమ్మం. నేను కాగితం చింపేసి చెంబెడు నీళ్ళు తాగాను.

డిసెంబరు 11

ఆ ఇంగ్లీషు యాస వేరు. ఎవరికైనా పొరపాటు జరుగుతుంది. పైగా ఆమె వాళ్ళ భాషలో మాట్లాడుతుంటే దాని మీద ఇంకెవరో ఇంగ్లీషులో చెబుతారు. రెండూ కలిసిపోతాయి.

కరెంటు పోవడం నిజమే. అది మూడో భాగంలో.

డిసెంబరు 14, ఆదివారం

సూరన్న సంగతి రాయకుండా ఈ సంగతి తెమలదు.

సూరన్న మాన్‌హోల్ పని చేసేవాడు. సింహాచలమ్మ మొగుడు. ఆ తొంభై ఆరులోనే, వానల్లో, ఓ పొద్దున డ్యూటీకని వెళ్ళి మరి రాలేదు. డ్యూటీకి చేరలేదు కూడా. షాలిమార్‌లో రైలెక్కడం చూశానన్నాడొకడు. మెటియాబ్రుజ్ ఘాట్ దగ్గర చూశానన్నాడు ఇంకొకడు. గొడవల్లేవు, తాగుడు లేదు. పోలీసులు రాసుకున్నారు. అంతే.

ఆ డిసెంబరులో సింహాచలమ్మ ముందు వరసలో కూర్చునేది. ఒళ్ళో తల పెట్టుకుని కొడుకు సునీల్‌కుమార్. వాడికి పదేళ్ళు.

ఆమె కళ్ళు టీవీ మీద కాదు, నా నోటి మీద ఉండేవి.

డిసెంబరు 15

ఇంగ్లీషు నాకు అర్థమైంది. ప్రతి ముక్కా.

డిసెంబరు 16, మంగళవారం

రాసేశాను కదా, ఇంక పూర్తిగా రాస్తాను.

రోజా చెప్పింది: లొంగిపోయినవాళ్ళని శ్మశానం గోడ దగ్గర నిలబెట్టి కాల్చారు, తామసూ వాళ్ళలో ఉన్నాడు, ఆ సంగతి నాకు రెండేళ్ళకి తెలిసింది. చెప్పి ఏడ్చింది. అప్పుడు నేను ముందు వరస చూశాను. చూసి, "పదకొండేళ్ళకి ఓ సాయంత్రం తలుపు చప్పుడైంది" అన్నాను. ఆ ముసలమ్మ ఏడుస్తున్నది సంతోషంతో అన్నాను.

జనం ఈలలు వేశారు. నన్ను భుజాల మీదకెత్తారు. సింహాచలమ్మ మీద జాలితోనే అన్నాను. నిజం. కానీ ఈలలు కూడా బాగున్నాయి. మరుసటి ఏడాదికి నా కథలో తామసు గడ్డం పెంచాడు. ఆ పై ఏడు రోజా అతణ్ణి గుర్తుపట్టలేదు, మంచినీళ్ళడిగితే చెంబిచ్చింది. పక్క క్వార్టర్స్ నుంచి కూడా రావడం మొదలుపెట్టారు. యుద్ధం ఎర్ర జెండావాళ్ళు ఓడిపోయారని మాత్రం ఏనాడూ దాచలేదు. దాచమని యూనియన్ దాదా అడిగినా దాచలేదు. నాకూ కొంత నీతి ఉంది.

డిసెంబరు 17

ఆ నీతి మాట కొట్టేద్దామనుకున్నాను. ఉండనీ.

డిసెంబరు 18, గురువారం

రెండు వేల నాలుగు మార్చి. మనిషి కనబడక ఏడేళ్ళు దాటితే పోయినట్టు లెక్క. ఇంట్లోవాళ్ళు ఒప్పుకుని వేలిముద్ర వేస్తే మిగతా పని ఆఫీసు చూసుకుంటుంది. కొడుక్కి ఉద్యోగం వస్తుంది. సునీల్‌కి అప్పుడే పద్దెనిమిది నిండాయి. ఆ కాగితం పట్టుకెళ్ళింది నేనే. నా బల్ల మీది పని.

సింహాచలమ్మ చదివించుకుని వింది. "ఏడేల్లే కదా బావూ. తామసు పదకొండేల్లకి రానేదేటి? నేను ఏలిముద్దరేసేక ఈయనొస్తే ఏ మొకం ఎట్టుకుని సూస్తాను?" అంది.

నేను ఆ గుమ్మంలోనే నిలబడి ఉన్నాను. చేతిలో కాగితం, ఇంకు డబ్బా. నిజం చెప్పడానికి నాలుగు మాటలు చాలు. "సరే, నీ ఇష్టం" అన్నాను. ఫైలు బీరువాలో పెట్టేశాను.

పదకొండేళ్ళు దాటాక కూడా ఒకసారి వెళ్ళాను. అప్పటికి నా కథలో తామసు పదిహేనేళ్ళకి వచ్చేవాడు. ఎందుకు పెంచానో రాయక్కర్లేదు.

సునీల్ మెటియాబ్రుజ్‌లో పిల్లల గౌన్లకి కాలర్లు కుడుతున్నాడు. ఇరవై ఏళ్ళ పైమాట.

డిసెంబరు 20, శనివారం

సింహాచలమ్మ గంజి పట్టుకొచ్చింది. నేను మాట్లాడలేను గనక తనే మాట్లాడింది.

"ఈ యేడు మీరు సెప్పకపోతే బాగోదు బావూ. మా గుంట సరిగ్గా సెప్తాదో నేదో. ఆకర్న తామసు ఒచ్చీకాడ మాత్రం మెల్లగ సెప్పమన్నాను. గబగబ సెప్పీసీది కాదు అది," అంది.

గంజి వేడిగా ఉంది. తాగడం రాక దగ్గాను. "మెల్లగ, మెల్లగ" అని వీపు రాసింది.

డిసెంబరు 21, ఆదివారం

ఒక కాగితం నిండా రాశాను సింహాచలమ్మకి. మంచి తెలుగులో, తప్పుల్లేకుండా. తర్వాత గుర్తొచ్చింది, ఆమెకి చదువు రాదు. అమ్ములుకి తెలుగు చదవడం రాదు. రామమ్మ చేత చదివించాలి, లేదా బెంగాలీలో రాసి అమ్ములు చేత నానమ్మకి చదివించాలి. నేను చేసింది ఆ పిల్ల నోటితో చెప్పించడమా. పొయ్యిలో పెట్టాను. గ్యాసు పొయ్యి. ఇల్లంతా పొగ, రామమ్మ తిట్లు.

డిసెంబరు 23

అమ్ములు వచ్చి గుమ్మంలోనే నిలబడింది. "తాతా, నేను మాత్రం ఉన్నదే చెప్తాను. అబద్దం నా వల్ల అవదు. కానీ నానమ్మకి నా నోటి నుండి తెలవడం నాకిష్టం లేదు. థర్టీ ఫస్ట్‌కి లాస్ట్ పార్ట్. అప్పటిదాకా టైముంది మీకు."

పద్దెనిమిదేళ్ళ పిల్ల నాకు గడువిచ్చింది. కోపం రావాలి. రాలేదు.

డిసెంబరు 26, శుక్రవారం

మొదలైంది. క్లబ్బు గదిలో తెల్లదుప్పటి కట్టారు. పిల్ల బాగా చెబుతోంది. నాకన్నా వేగం. తెలుగూ బెంగాలీ కలిపేస్తోంది, అయినా ఎవరికీ అడ్డం పడలేదు. నన్ను ముందు కుర్చీలో కూర్చోబెట్టారు, పెళ్ళికొడుకు తండ్రిలా.

ట్రాము రాగానే "మన ట్రామే!" అని అరిచారు. ఇప్పుడు అరిచినవాళ్ళలో సగం మంది మొదటి ఏడు పుట్టలేదు. మన ఊళ్ళో ట్రాములే దాదాపు పోయాయి, వీళ్ళకది ఎలా మన ట్రామో.

డిసెంబరు 28, ఆదివారం

మూడో భాగం. ఎందుకు వస్తారు వీళ్ళు? ఎవరి దేశం, ఎవరి యుద్ధం. ఎర్ర పార్టీ ప్రభుత్వం పోయి పద్నాలుగేళ్ళయింది, క్లబ్బు మీద జెండా రంగు మారింది, యూనియన్ దాదా కాలం చేశాడు. క్యాసెట్లు పోయి సీడీలు, సీడీలు పోయి పెన్‌డ్రైవ్. వీళ్ళు మాత్రం ప్రతి డిసెంబరూ దుప్పట్లు కప్పుకుని వచ్చి కూర్చుంటారు. నా గొంతు కోసం అనుకునేవాణ్ణి.

ఇవాళ నేను లేకుండానే గది నిండింది. వెనక్కి తిరిగి మొహాలు చూశాను. వీళ్ళు ఆరో రోజు కోసం వస్తున్నారు. అతను తలుపు కొట్టడం కోసం.

డిసెంబరు 30

రామమ్మకి రాసి చూపించాను. కూడబలుక్కుంటూ చదివింది. కళ్ళజోడు తీసి, "ఆ ముసిల్ది అలగ గుండెలు బాదుకుంటుంటే సంతోసమంటారేటని నాకు మొదటి యేడే అనిపించింది" అంది. మరెందుకు అడగలేదని రాశాను. "మీ నోటికి అడ్డం ఎవలొస్తారు?" అంది.

రేపే.

డిసెంబరు 31, బుధవారం

సాయంత్రం ఆరింటికి మొదలుపెట్టారు. సునీల్ కూడా పని నుంచి తొందరగా వచ్చాడు. సింహాచలమ్మ ముందు వరసలో చాప మీద కూర్చుంది, ఎప్పటిలాగే.

నేను పొద్దున చెప్పలేదు. మధ్యాహ్నం చెప్పలేదు. అయిదున్నరకి ఆమె గుమ్మం దాకా వెళ్ళి, ఇంట్లో జనం ఉన్నారని వెనక్కొచ్చాను. జనం అంటే ఒక్క పక్కింటావిడ.

రోజా వచ్చింది తెర మీదకి. అమ్ములు మైకు పట్టుకుని ఊరుకుంది. ఇంగ్లీషు గొంతు ఒక్కటే వినబడుతోంది. అమ్ములు బొమ్మ ఆపేసి నా వైపు చూసింది. అందరూ చూశారు. ఇంక లేచాను.

అయిదు వారాల తర్వాత నా నోట వచ్చిన మొదటి చప్పుడు ఎండిపోయిన కుళాయి చప్పుడులా ఉంది. మైకు దగ్గరగా పెట్టుకోవలసి వచ్చింది.

"తామసు రానేదు," అన్నాను. "లొంగిపోనాక శ్మశానం గోడకాడ నిలబెట్టి కాల్చీసినారు. ఈ ముసలమ్మ అదే చెప్తంది. అందుకే ఏడుస్తంది."

వెనక నుంచి నవ్వారు. "ఈ యేడు కొత్తగ మార్చినారేటి మేస్టారూ?" అన్నాడెవడో.

"మార్చనేదు. ఇన్నేల్లూ మార్చినాను. ఇది అసలుది."

నవ్వు ఆగింది. సింహాచలమ్మ లేవలేదు. కూర్చునే అడిగింది.

"మొదటి యేడు కూడానా బావూ?"

"మొదటి యేడు కూడా."

"తెలిసే సెప్పినారా?"

"తెలిసే."

"కాయితం అట్టుకొచ్చిన రోజు?"

"ఆ రోజు కూడా తెలుసు."

ఆమె సునీల్ వైపు చూడలేదు. నేనూ చూడలేకపోయాను. కొంతసేపు కొంగు అంచు మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడతపెట్టింది. తర్వాత చాలా మామూలుగా అడిగింది.

"అయితే ఈయనక్కూడా కర్మ సెయ్యాల కదా. ఏ రోజు నుండి లెక్కెట్టమంటారు? తేదీలన్నీ మీకే కదా తెలుస్తాయి."

ఇది రాయడానికి సిగ్గుగా ఉంది. నా నాలిక చివరికి తేదీ వచ్చేసింది. శ్రావణమాసం, మంగళవారం, తెల్లవారుజామున, వాన పడుతుండగా. అంతా తయారుగా ఉంది. నోరు కూడా తెరిచాను.

రామమ్మ వచ్చి ఆమె పక్కన కూర్చుంది. "తెలిసిన రోజే పోయిన రోజు, సింహాచలం. ఇయాలే," అంది.

అప్పుడు ఏడ్చింది. అంత పెద్దగా ఏడుస్తుందనుకోలేదు. ఇరవై తొమ్మిదేళ్ళది ఒక్కసారి వచ్చింది. అమ్ములు ప్రొజెక్టరు ఆపేసి వెళ్ళి ఆమెను పట్టుకుంది. బయట కొత్త సంవత్సరం టపాకాయలు అప్పుడే మొదలయ్యాయి.

జనవరి 2, శుక్రవారం

సునీల్ వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"రెండు వేల నాలుగులో కాగితం అట్టుకొచ్చినారు కదా బాబాయ్. అమ్మ ఒద్దంటే మీరేటన్నారు?"

"నీ ఇష్టం అన్నాను."

"అంతేనా?"

"అంతే."

తన చేతివేళ్ళు చూసుకున్నాడు. సూది గుచ్చుకుని గుచ్చుకుని చూపుడువేలు కొన మొద్దుబారిపోయింది వాడికి. కొడతాడనుకున్నాను. కొడితే బాగుండేది.

"పదో రోజు తొమ్మిదో తారీకు. గంగ ఒడ్డున. అమ్మ మిమ్మల్ని రమ్మంది," అన్నాడు. గుమ్మం దాటాక వెనక్కి తిరిగి, "నాను పిలవనేదు," అన్నాడు.

జనవరి 3

క్షమించమని నేను ఇంతవరకూ అడగలేదు. ఎలా అడగాలో తెలియడం లేదు. అందంగా అడగడం వచ్చు, అదే భయం.

జనవరి 5, సోమవారం

డాక్టరు గొంతులోకి గొట్టం పెట్టి చూసి తల కొట్టుకున్నాడు. మానుతున్న చోట మళ్ళీ చిరిగిందట. ఇంక ఇంతేనట. ఈ బొంగురుతోనే బతకాలి. సరేనన్నాను.

జనవరి 9, శుక్రవారం

ఘాట్‌కి వెళ్ళాను. చలి. మనవాళ్ళు ముప్పై మంది దాకా వచ్చారు. సునీల్ గుండు చేయించుకుని తడిబట్టతో కూర్చున్నాడు, నా వైపు చూడలేదు. నేను మెట్ల పైనే నిలబడ్డాను. సింహాచలమ్మ చూసి కిందికి రమ్మని చెయ్యి ఊపింది.

ఖరగ్‌పూర్ నుంచి పిలిపించిన అయ్యవారు పేరు అడిగాడు, సూరన్న అన్నారు. తండ్రి పేరు అడిగాడు, చెప్పారు. పోయిన రోజు అడిగాడు, ముప్పై ఒకటి అన్నారు. తర్వాత, "ఎలా పోయారు? జబ్బా, ప్రమాదమా? దాన్నిబట్టి జరిపించాలి," అన్నాడు.

ఒక్కొక్కరే నా వైపు తిరిగారు. సునీల్ కూడా తిరిగాడు. అలవాటు అలాంటిది. నాకూ అలవాటే. ఏదో ఊరి ఆసుపత్రి, జ్వరం, పక్క మంచం వాడెవడో నీళ్ళు పట్టాడు, నొప్పి తెలియకుండా పోయాడు. అంతా వరసగా వచ్చేసింది. చెబితే ఆమెకు కొంచెం ఊరట కూడా. ఎవరు కాదంటారు?

"నాకు తెల్దు," అన్నాను.

నా గొంతు అయ్యవారికి సరిగా వినబడలేదు. చెవి ఒగ్గి, "ఏమిటన్నారు?" అన్నాడు.

సింహాచలమ్మ చెప్పింది. "ఆ బావుకి తెలీదంట. నాకూ తెలీదు. తెలీదనే సెయ్యండి."

అయ్యవారు సరేనని దర్భలు తీశాడు. ఆడవాళ్ళు ఆమెను పట్టుకుని నీళ్ళలోకి దింపారు.